కన్నీరు చివర గీయండి: యానిమేషన్ పాత్రతో బరువైన కథ చెప్పే పద్ధతి

చావు, ఒంటరితనం, మతిమరుపు, వ్యసనం, యుద్ధం వంటి విషయాలను కార్టూన్ బొమ్మతో ఎలా చెప్పాలని అడిగే పాఠకులు తరచుగా ఒక ముఖం బొమ్మ పంపిస్తారు. ఆ ముఖం మీద రెండు కన్నీటి బొట్లు ఉంటాయి. "ఇందులో బాధ కనిపిస్తోందా?" అన్నది వారి ప్రశ్న. కన్నీరు కనిపిస్తుంది, కానీ ఆ మనిషి ఎవరో, దేనికోసం ఏడుస్తున్నాడో తెలియదు కనుక చూసేవారికి ఏమీ అనిపించదు.

యానిమేషన్‌లో ముఖం చివరగా చేయవలసిన పని. దానికంటే ముందు ఒక అలవాటు, ఒక వస్తువు, ఒక శరీరం, ఒక నిశ్శబ్దం సిద్ధం కావాలి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం: నానమ్మ పోయిన తరువాత తాతయ్య ఎలా ఉన్నాడో చెప్పే రెండున్నర నిమిషాల చిత్రం.

1. మొదలుపెట్టే ముందు: విషయాన్ని ఒక అలవాటుగా మార్చుకోండి

"దుఃఖం" అన్న మాటను ఎవరూ గీయలేరు. మనిషి రోజూ చేసే పనిని గీయవచ్చు, ఆ పని ఒకరోజు ఆగిపోవడాన్నీ గీయవచ్చు. కాబట్టి స్కెచ్ పుస్తకం తెరవకముందే మీ ఇతివృత్తాన్ని ఇద్దరు మనుషుల మధ్య నడిచే ఒక చిన్న అలవాటుగా కుదించండి.

మన చిత్రంలో అలవాటు ఇది. చీకటి పడుతుండగా నానమ్మ పెరట్లోకి వెళ్ళి, కోళ్ళను గంప కింద మూసి, గంప మీద రాయి పెట్టి ఇంట్లోకి వస్తుంది. అంతవరకు తాతయ్య పెరటి తలుపు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆమె గడప దాటి లోపలికి రాగానే గడియ వేస్తాడు.

సరైన అలవాటు దొరికిందో లేదో ఇలా పరీక్షించుకోండి.

- ఇద్దరూ అవసరమయ్యే పని అయి ఉండాలి. ఒక్కరే చేసుకునే పనిలో ఖాళీ కనిపించదు.
- మాట లేకుండా అర్థం కావాలి.
- కొద్దిసేపట్లో ముగిసేదిగా ఉండాలి, ఎందుకంటే దాన్ని పలుమార్లు చూపవలసి ఉంటుంది.
- చేతికి తగిలే వస్తువు ఒకటి ఉండాలి. ఇక్కడ అది గడియ.
- మీరు కళ్ళారా చూసిన ఇంటి నుంచి వచ్చినదైతే మరీ మంచిది.

చివరి నియమం మీద నాకు పట్టుదల ఎక్కువ. ఎక్కడో చూసిన సినిమా నుంచి తెచ్చుకున్న అలవాటులో తలుపు ఎటు తెరుచుకుంటుందో, గడియ ఎంత ఎత్తున ఉంటుందో మీకు తెలియదు. తెలియని వస్తువును పట్టుకున్న చేయి బొమ్మలో తేలిపోతుంది.

2. ఎవరి కోసం, ఎంతవరకు చూపాలి

ఈ నిర్ణయాన్ని ముందే కాగితం మీద రాసుకోవాలి. థియేటర్‌లో ప్రదర్శించే చిత్రాలకు మన దేశంలో యు, యుఎ, ఎ ధ్రువపత్రాలు ఉన్నాయి. 2023లో సినిమాటోగ్రఫీ చట్టానికి చేసిన సవరణతో యుఎ తరగతిని 7+, 13+, 16+ అని మూడుగా విభజించారు. ఆన్‌లైన్ వేదికల మీద ఈ వయసు విభజన 2021 నిబంధనల నుంచే ఉంది. బొమ్మలతో తీసినంత మాత్రాన అది పిల్లల చిత్రం అయిపోదు. చిత్రం మొదటి ఫ్రేములోనే వయసు సూచన పెట్టడం మీ బాధ్యత.

తరువాత ఒక కాగితాన్ని మధ్యలో గీత గీసి, ఎడమవైపు "చూపేది", కుడివైపు "చూపనిది" అని రాయండి. మన చిత్రంలో కుడివైపు చేరేవి: మరణం, ఆసుపత్రి మంచం, పాడె, దండ వేసిన ఫొటో. ఎడమవైపు చేరేవి: తలుపు, గడియ, గంప, రాయి, తాతయ్య చేయి. కుడివైపు జాబితా పొడవుగా ఉంటే భయపడనవసరం లేదు. చూసేవారు తమ ఇంటి జ్ఞాపకాలతో దాన్ని నింపుకుంటారు.

ఇతివృత్తం ఆత్మహత్య అయితే ఈ విభజన కచ్చితంగా పాటించవలసిన నియమం. పద్ధతిని, సాధనాన్ని, స్థలాన్ని చూపకండి. చనిపోవడం పరిష్కారంగానో ప్రతీకారంగానో అనిపించే ముగింపు పెట్టకండి. చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ సహాయ సంఖ్య 14416ను చదవగలిగేంతసేపు తెరమీద ఉంచండి.

3. పాత్ర రూపం: కథ తెలియకముందే బంధం కనిపించాలి

రెండు పాత్రలనూ ముందు నల్లటి నీడలుగా గీయండి. కళ్ళు, ముక్కు, బట్టల మడతలు అప్పుడే వద్దు. నీడలోనే ఎవరు ఎవరో తెలియాలి.

2009లో వచ్చిన "అప్" చిత్రంలో కార్ల్ పాత్రను చతురస్రం చుట్టూ, అతని భార్య ఎలీని వృత్తం చుట్టూ నిర్మించారు. వారి కుర్చీలు కూడా అదే లెక్కలో ఉంటాయి. అందువల్ల ఆమె పోయాక కూడా ఆ ఇంట్లో గుండ్రటి వస్తువు కనిపిస్తే ఆమె గుర్తుకు వస్తుంది. మాట లేకుండా ఒక దాంపత్యమంతా చెప్పే ఆ చిత్రం తొలి భాగానికి ఈ ఆకార విభజన గట్టి ఆధారం.

మన చిత్రంలో తాతయ్యను తలుపు చెక్కలా నిలువుగా గీద్దాం. నానమ్మ వంగిన వీపు కోళ్ళగంప వంపుతో సరిగ్గా సరిపోవాలి. రెండు బొమ్మలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, వంపు కలిసేదాకా దిద్దండి. ఆమె లేని సాయంత్రం పెరట్లో బోర్లించిన గంప ఒక్కటే కనిపించినప్పుడు, చూసేవారికి కారణం తెలియకపోయినా ఆమె అక్కడ కూర్చుని ఉన్నట్టే అనిపిస్తుంది. ఫొటోకు దండ వేసి చూపవలసిన అవసరం ఇక రాదు.

రూపం సిద్ధమైందా అన్నదానికి సరిచూసుకోవలసినవి:

- బొటనవేలంత సైజులో గీసినా పాత్రలు వేరువేరుగా తెలుస్తున్నాయి.
- పాత్ర వీపు చూపించి నిలబడినా వయసు తెలుస్తోంది.
- చేతులు ముఖం కంటే చిన్నవిగా లేవు. ఈ తరహా కథల్లో చేతులే ఎక్కువ పని చేస్తాయి, కాబట్టి వాటిని కొంచెం పెద్దవిగానే గీయండి.

4. దృశ్యాల వరుస: మూడుసార్లు ఉన్నది, నాలుగోసారి లేనిది

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. చిత్రం మొదటి దృశ్యంలోనే తాతయ్య ఒంటరిగా కూర్చుని ఉంటాడు, తరువాత పాత జ్ఞాపకాలు వస్తాయి. ఈ వరుసలో చూసేవారు పోగొట్టుకునేది ఏమీ ఉండదు, ఎందుకంటే వారికి ముందుగా ఏమీ ఇవ్వలేదు. ముందు ఇవ్వండి, తరువాత తీసుకోండి.

స్టోరీబోర్డును, అంటే దృశ్యాలను వరుసగా గీసుకునే బొమ్మల పట్టికను, ఐదు సాయంత్రాలుగా విడగొట్టండి.

1. మొదటి సాయంత్రం. అలవాటు మొత్తం తీరికగా. కోళ్ళు, గంప, రాయి, గడప, గడియ. మనవడు చాప మీద బోర్లా పడుకుని ఇదంతా చూస్తూ ఉంటాడు. సుమారు 40 సెకన్లు.
2. రెండో సాయంత్రం. వాన. నానమ్మ కొంగు తలమీద కప్పుకుని పరుగెత్తుకుంటూ వస్తుంది, తాతయ్య నవ్వుతూ గడియ వేస్తాడు. 20 సెకన్లు చాలు, చూసేవారికి అలవాటు తెలుసు కనుక.
3. మూడో సాయంత్రం. ఆమె గోడ పట్టుకుని నడుస్తుంది. తాతయ్య రెండడుగులు బయటికి వేసి చేయి అందిస్తాడు. గడియ పడుతుంది. 30 సెకన్లు.
4. నాలుగో సాయంత్రం. తెరిచిన తలుపు. తాతయ్య నిలబడి ఉన్నాడు. ఎవరూ రారు. 30 సెకన్లు.
5. ఐదో సాయంత్రం. మనవడు చాప మీద నుంచి లేచి, పెరట్లోకి వెళ్ళి, కోళ్ళను మూసి, రెండు చేతులతో రాయి ఎత్తి గంప మీద పెట్టి వస్తాడు. తాతయ్య గడియ వేస్తాడు. 30 సెకన్లు.

మొత్తం 150 సెకన్లు. మూడో, నాలుగో సాయంత్రాల మధ్య ఏమి జరిగిందో చెప్పకండి. నల్లటి తెర చాలు, అది కూడా ఒక్క సెకను.

మైఖేల్ డుడోక్ డె విట్ 2000లో తీసిన "ఫాదర్ అండ్ డాటర్" అనే ఎనిమిది నిమిషాల చిత్రం ఈ పద్ధతికి నేను ఎరిగిన చక్కటి నమూనా. పడవలో వెళ్ళిపోయిన తండ్రి కోసం కూతురు సైకిల్ మీద అదే ఒడ్డుకు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ప్రతిసారీ ఆమె వయసు మారుతుంది, ఒడ్డు మాత్రం అదే. ముసలితనంలో ఆమె సైకిల్‌ను ఎన్నిసార్లు నిలబెట్టినా పడిపోతుంది. పాత్రల ముఖాలు దాదాపుగా కనిపించవు, మాట ఒక్కటీ లేదు. పడిపోతున్న ఆ సైకిల్‌ను అంతకుముందు నిలబడి ఉండగా చూశాం కనుకనే మనసు కలుక్కుమంటుంది.

బోర్డు గీసేటప్పుడు ఐదు సాయంత్రాలకూ కెమెరా స్థానం ఒకటే ఉంచండి. తలుపు చట్రం ఫ్రేములో ఒకేచోట ఉంటేనే ఖాళీ ఖాళీగా కనిపిస్తుంది. కోణం మారిస్తే చూసేవారు కొత్త కోణాన్ని చూస్తారు, ఖాళీని గమనించరు.

5. శరీరం, సమయం: పది సెకన్లను దగ్గరగా చూద్దాం

తోలుబొమ్మలాట చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. తోలుమీద చెక్కి రంగులద్దిన ముఖం ఆట సాగినంతసేపూ మారదు. సీత ఏడుస్తున్నా, నవ్వుతున్నా ఆ ముఖం అదే. మారేది చేయి ఒదిగే తీరు, బొమ్మ వంగే కోణం, కదలికలో వేగం, వెనుక నుంచి వచ్చే పాట. మార్చలేని ముఖంతో రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టే ఆ కళాకారుల పద్ధతే ఈ దశకు పాఠం.

నాలుగో సాయంత్రంలో గడియ దగ్గర జరిగేదాన్ని లెక్క వేద్దాం. సెకనుకు 24 ఫ్రేములు (తెరమీద ఒకదాని తరువాత ఒకటి మారే నిలిచిన చిత్రాలు), గీసిన ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు ఉంటుంది.

- అలవాటుగా చేయి గడియ వైపు లేస్తుంది: 18 ఫ్రేములు. ఇది త్వరగా జరగాలి. చేతికి ఇంకా విషయం తెలియదు.
- వేళ్ళు గడియకు తగిలి ఆగుతాయి: 60 ఫ్రేములు.
- తల తలుపు సందు వైపు కొద్దిగా తిరుగుతుంది: 20 ఫ్రేములు.
- ఎదురుచూపు: 72 ఫ్రేములు.
- చేయి కిందికి దిగుతుంది: 40 ఫ్రేములు. లేచినదానికంటే రెట్టింపుకు మించిన సమయం.
- గడియ పడని తలుపు, దాని పక్కన మనిషి: 30 ఫ్రేములు.

మొత్తం 240 ఫ్రేములు, అంటే పది సెకన్లు. మామూలుగా అయితే 120 బొమ్మలు గీయాలి. కదలికలకు 39 బొమ్మలు, ఆగి ఉన్న భాగాలకు మరో పదో పన్నెండో చాలు కనుక ఇక్కడ యాభై దాకా గీస్తే పని అయిపోతుంది. ఒంటరిగా పనిచేసేవారికి ఇది ఊరటనిచ్చే సంగతే, అయితే మిగిలిన శ్రమనంతా ఆ యాభై బొమ్మల నాణ్యత మీద పెట్టాలి.

ఆగి ఉన్న భాగంలో ఒకే బొమ్మను అలాగే వదిలేస్తే పాత్ర ప్రాణం లేని అట్టముక్క అవుతుంది. ఊపిరికి భుజం వెంట్రుకవాసి లేచి దిగాలి, లుంగీ అంచు గాలికి కదలాలి. దీన్నే మూవింగ్ హోల్డ్ అంటారు. అయితే కదలిక ఎక్కువైతే ఎదురుచూపు కాస్తా అసహనంగా మారిపోతుంది. నా మొదటి ప్రయత్నంలో తాతయ్య కాలు మార్చి నిలబడినట్టు గీశాను. చూసినవారు "బస్సు కోసం చూస్తున్నట్టు ఉంది" అన్నారు. కాళ్ళను పూర్తిగా ఆపి, భుజాలకు మాత్రమే ఊపిరి ఇచ్చాక ఆ మాట మళ్ళీ రాలేదు.

శరీరం చెప్పలేనిది ఉంటే నీడకు అప్పగించే మార్గమూ ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల కథగా 2020లో వచ్చిన "ఇఫ్ ఎనీథింగ్ హాపెన్స్ ఐ లవ్ యూ" అనే లఘుచిత్రంలో మనుషులు మౌనంగా దూరదూరంగా కూర్చుంటే వారి నీడలు మాత్రం గొడవపడతాయి, దగ్గరకు రావాలని చూస్తాయి. మీ కథకు నిజంగా అవసరమైతేనే ఇది వాడండి. మన తాతయ్యకు చేయి చాలు.

6. ఇప్పుడు ముఖం

శరీరం పూర్తయ్యాక, ముఖం ఖాళీగా ఉన్న చిత్రాన్ని ఒకసారి మొదటి నుంచి ఆడించి చూడండి. భావం అందుతుంటే ముఖానికి తక్కువ పని ఇవ్వండి: రెప్ప ఒకసారి వాలి లేవడం, కింది పెదవి లోపలికి పోవడం. రెప్పపాటుకు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది ఫ్రేములు సరిపోతాయి. బరువైన క్షణంలో మూసుకున్న స్థితిలో మరి నాలుగు ఫ్రేములు ఆపితే చాలు.

ముఖం ఖాళీగా ఉన్నప్పుడు భావం అందకపోతే ఐదో దశకు తిరిగి వెళ్ళండి. కన్నీరు గీసి ఆ లోటును పూడ్చలేరు.

కన్నీరు అసలే వద్దని నేను అనడం లేదు. పాత్ర దాచుకోవడానికి ప్రయత్నించి ఓడిపోయిన చోట వచ్చే కన్నీరు చాలా బలంగా ఉంటుంది. అందుకే దాన్ని చివరగా, అది కూడా ఒక్కసారే వాడండి.

7. రంగు, గీత

దుఃఖం రాగానే తెర మొత్తాన్ని బూడిదరంగులోకి మార్చడం సులభమైన దారి. రంగు మార్పుకు కథలోనే ఒక కారణం వెతకండి. మొదటి మూడు సాయంత్రాల్లో నానమ్మ ఇంకా వెలుతురు ఉండగానే వస్తుంది, ఆకాశం నారింజ రంగులో ఉంటుంది. నాలుగో సాయంత్రం తాతయ్య ఎవరూ రాకపోయినా నిలబడే ఉన్నాడు కనుక పొద్దుపోయి పెరడు ముదురు నీలంలోకి జారిపోతుంది. ఇక్కడ నీలం రంగు ఆయన ఎంతసేపు ఎదురుచూశాడో చెబుతుంది.

బొమ్మ అంచు గీత కూడా మాట్లాడుతుంది. ఇసావో తకహతా 1988లో తీసిన "గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్"లో పాత్రల అంచులకు సాధారణంగా వాడే నలుపు బదులు గోధుమరంగు వాడారు. యుద్ధంలో ఆకలితో కృశించిపోయే పిల్లల చుట్టూ గట్టి నల్లగీత లేకపోవడంతో వారు మరింత సుకుమారంగా, చుట్టూ ఉన్న మట్టితో కలిసిపోయేవారిలా కనిపిస్తారు. గీతాంజలి రావు 2006 నాటి "ప్రింటెడ్ రెయిన్‌బో"లో ఒంటరి వృద్ధురాలి దినచర్యకు రంగు దాదాపుగా లేదు. ఆమె అగ్గిపెట్టెల మీది బొమ్మల్లోకి వెళ్ళినప్పుడే రంగులు విప్పారుతాయి. రెండింటిలోనూ రంగును అలంకారం కోసం పెట్టలేదు.

క్రీటా, ఓపెన్‌టూంజ్, బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్ వంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, వీటిలో దేనితోనైనా గీత రంగును తరువాత మార్చుకోవచ్చు. కాబట్టి ఒక షాట్‌ను నలుపు, గోధుమ, ముదురు నీలం అంచులతో మూడుసార్లు ఆడించి చూశాకే నిర్ణయించండి.

8. శబ్దం

సంగీతాన్ని పక్కన పెట్టి, మొదట ఆ ఇంటి చప్పుళ్ళు సేకరించండి. మన చిత్రానికి కావలసినవి నాలుగే: కోళ్ళ కొక్కొక్కులు, గంప మీద రాయి పడిన చప్పుడు, గడప దాటే కాళ్ళ చప్పుడు, గడియ పడిన చప్పుడు. మొదటి మూడు సాయంత్రాలూ ఇవి ఇదే వరుసలో రావాలి.

నాలుగో సాయంత్రం కోళ్ళు గంప బయటే తిరుగుతూ కొక్కొక్కుమంటాయి. రాయి చప్పుడు రాదు. ఆ వరుసకు అలవాటు పడిన చెవి తనకు తెలియకుండానే దానికోసం చూస్తుంది. ఆ చోట వీణో వేణువో పెట్టారంటే ఖాళీని మీరే పూడ్చేసినట్టు. సంగీతం కావాలనుకుంటే ఐదో సాయంత్రం గడియ పడిన తరువాత మొదలుపెట్టండి.

9. తరచుగా దొర్లే తప్పులు, సవరణలు

పాత్ర తన బాధను మాటల్లో చెబుతోంది. "నువ్వు లేక ఈ ఇల్లు ఇల్లులా లేదు" వంటి సంభాషణను తీసేసి, ఆ చోట పాత్ర చేతికి ఒక పని ఇవ్వండి.

దీపం ఆరిపోవడం, ఊగుతున్న ఖాళీ ఉయ్యాల, రాలుతున్న ఆకు. చూసేవారు వీటిని చూడగానే అర్థం చెప్పేసుకుని ముందుకు సాగిపోతారు. మీ కథలో మాత్రమే దొరికే వస్తువును వెతకండి.

అంతా ఒకే బరువుతో ఉంది. రెండో సాయంత్రం వానలో నవ్వు లేకపోతే నాలుగో సాయంత్రానికి బలం ఉండదు. చిత్రంలో సంతోషానికి సగం కంటే ఎక్కువ సమయం ఇవ్వడానికి వెనుకాడకండి.

హాస్య పాత్ర బరువైన చోట తేలిపోతోంది. సాగే, నొక్కుకుపోయే కార్టూన్ కదలికను పూర్తిగా వదలనవసరం లేదు, దాని మోతాదు తగ్గించండి. వానలో పరుగెత్తే నానమ్మ శరీరం ఎంత సాగిందో, మూడో సాయంత్రం అంత బిగుసుకుపోవాలి.

హింసను వివరంగా గీయడం వల్ల జుగుప్స మిగులుతోంది. యుద్ధం, గృహహింస వంటి విషయాల్లో దెబ్బను ఫ్రేము బయట పెట్టి, దాన్ని విన్న మనిషిని ఫ్రేములో పెట్టండి.

10. చూపించి సరిదిద్దడం

రంగులు వేయకముందు, స్టోరీబోర్డు బొమ్మలను సమయానికి కూర్చిన యానిమాటిక్ దశలోనే నలుగురికి చూపండి. పూర్తయ్యాక చూపితే దిద్దుకోవడానికి మీకే మనసు రాదు. కథ ముందుగా చెప్పకండి, పేరు కూడా చెప్పకండి.

- ఒకసారి శబ్దం లేకుండా చూపండి. కథ అందకపోతే శరీరంలోనో వరుసలోనో లోపం ఉంది.
- ఒకసారి కళ్ళు మూసుకుని వినమనండి. నాలుగో సాయంత్రం ఏదో తప్పిందని వారికి తెలియాలి.
- "బాగుందా?" అని అడగకండి. "ఆయన గడియ ఎందుకు వేయలేదు?" అని అడగండి.
- ఎక్కడ కదిలారో, ఎక్కడ ఫోన్ వైపు చూశారో సెకన్లతో సహా రాసుకోండి.
- చూసేవారిలో కనీసం ఒకరు అరవై దాటినవారై ఉండాలి.

చివరి అంశం ఊరికే చేర్చలేదు. మా వీధిలో ఒక పెద్దాయనకు ఈ యానిమాటిక్ చూపినప్పుడు, ఐదో సాయంత్రం చూసి ఆయన అడిగినది ఒక్కటే: "పిల్లవాడు రాయి అంత తేలిగ్గా ఎత్తేశాడేమిటి?" మరుసటి రోజు ఆ షాట్‌ను కొంచెం పొడిగించాను. ఇప్పుడు మనవడు మొదటిసారి ఎత్తలేక, కిందపెట్టి, చేతులు చొక్కాకు తుడుచుకుని మళ్ళీ ఎత్తుతాడు. తలుపు దగ్గర నిలబడ్డ తాతయ్య సాయానికి ఒక అడుగు వేసి ఆగుతాడు.